2147483647 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నంబర్‌ని ఎలా చదవాలి?

రెండొందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరొందల నలభై ఏడు. కామాలు పెట్టి రాస్తే 2,14,74,83,647. పది అంకెలున్నాయి, వాటన్నిటినీ కూడితే 46 వస్తుంది. నిజం చెప్పాలంటే మనం మామూలుగా రాసే పద్ధతిలో చూస్తే ఇందులో ఏ అందమూ కనపడదు, ఎవరో కళ్ళు మూసుకుని టైప్ చేసినట్టు ఉంటుంది.

మరి అందం ఎక్కడుంది?

బైనరీలో, అంటే 0, 1 అనే రెండంకెలతోనే రాసే పద్ధతిలో. 2ని 31 సార్లు వేసుకుని గుణిస్తే 2147483648 వస్తుంది, అందులోంచి 1 తీసేస్తే మన నంబర్. బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. 16 బేస్‌లో రాస్తే ఒక 7, దాని వెనకాల ఏడు ఎఫ్‌లు (ఆ పద్ధతిలో ఎఫ్ అంటే 15). 8 బేస్‌లో అయితే ఒక 1, వెనకాల పది ఏడులు. కింద చెప్పబోయేవన్నీ, ఒకటీ అరా తప్పిస్తే, ఈ "2 పవర్ 31 మైనస్ 1" అన్న ఒక్క ముక్కలోంచి వచ్చేవే, కాబట్టి పది అంకెలూ బట్టీ పట్టకపోయినా పర్లేదు గానీ ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఇది ప్రైమ్ నంబరా?

అవును, ప్రధాన సంఖ్యే. 1, అదీ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించదు. 2 పవర్ ఏదో మైనస్ 1 రూపంలో ఉండే ప్రైమ్‌లని మెర్సెన్ ప్రైమ్‌లు అంటారు, ఆ వరసలో ఇది ఎనిమిదోది: 3, 7, 31, 127, 8191, 131071, 524287, ఆ తర్వాత ఇది. ఏడో దానికీ ఎనిమిదో దానికీ మధ్య గ్యాప్ చూశారా, ఐదు లక్షల నుంచి ఒకేసారి 214 కోట్లకి వెళ్ళిపోయింది.

ఇది ప్రైమ్ అని ముందు ఎవరు చెప్పారు?

చెప్పడం వేరు, నిరూపించడం వేరు. ఇటలీలో కటాల్డి అనే ఆయన 1588లో 524287 దాకా చేత్తో లెక్కేసి ప్రైమ్ అని తేల్చాడు, అక్కడితో ఊరుకోకుండా పవర్ 23, 29, 31, 37 పెట్టినా ప్రైమే వస్తుందని చెప్పేశాడు. నాలుగింట్లో మూడు తప్పు. 23, 37 సంగతి 1640లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా తేల్చాడు, 29ది తర్వాత స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు, మిగిలింది 31 ఒక్కటే. మెర్సెన్ కూడా 1644లో ఇచ్చిన లిస్టులో 31ని పెట్టాడు, ఆ లిస్టులోనూ 67, 257 తప్పులు, 61, 89, 107 అసలు లేనే లేవు, కాబట్టి దాన్ని నిరూపణ అనలేం. అసలైన నిరూపణ 1772లో వచ్చింది, ఆయిలర్ బెర్నూలీల కుటుంబంలో ఒకాయనకి రాసిన ఉత్తరంలో. అప్పటికి ఆయిలర్‌కి చూపు దాదాపు పూర్తిగా పోయింది, అయినా ఈ లెక్క చేశాడు.

చేత్తో ఎలా చెక్ చేశాడు? 214 కోట్ల నంబర్లతో భాగించి చూడాలి కదా?

అక్కర్లేదు. ఏ నంబర్‌కైనా 1, అదీ కాకుండా వేరే కారణాంకాలు ఉంటే, వాటిల్లో ఒకటైనా వర్గమూలం లోపే దొరకాలి. 46340 వర్గం 2147395600, 46341 వర్గం మన నంబర్‌ని దాటేస్తుంది. అంటే 46340 దాకా చూస్తే చాలు. అక్కడి దాకా ఉన్న ప్రైమ్‌లు దాదాపు 4,800. అది కూడా చేత్తో చేస్తే మతి పోయే పనే, ఒక్కో భాగహారంలో పది అంకెల నంబర్ మరి.

అసలు తెలివి ఇక్కడుంది. క్యూ అనే ప్రైమ్ మన నంబర్‌ని భాగిస్తుంది అనుకుందాం. అప్పుడు 2 పవర్ 31ని క్యూతో భాగిస్తే శేషం 1 వస్తుంది. 31 ప్రైమ్ కాబట్టి, 31 కంటే ముందు ఏ పవర్ దగ్గరా శేషం 1 రాదు, దాంతో క్యూ మైనస్ 1ని 31 భాగించాల్సిందే, ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం (క్యూ భాగించని ఏ నంబర్‌కైనా క్యూ మైనస్ 1 పవర్ వేసి క్యూతో భాగిస్తే శేషం 1) నుంచి వస్తుంది. క్యూ బేసి కాబట్టి అది 62తో భాగిస్తే శేషం 1 వచ్చే నంబర్ అయ్యుండాలి. ఇంకో సంగతి, 2 పవర్ 32ని క్యూతో భాగిస్తే శేషం 2, 2 పవర్ 32 అంటే 2 పవర్ 16 వర్గమే కదా, అంటే క్యూతో భాగించగా మిగిలే శేషాలు మాత్రమే చూస్తే 2 ఒక వర్గం అన్నమాట, అలా అవ్వాలంటే క్యూని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు షరతులూ కలిపితే క్యూని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63, అంతే, వేరే ఛాన్స్ లేదు.

ఇప్పుడు లిస్టు రాసుకోండి: 63, 249, 311, 497, 559, 745, 807, 993, 1055, 1241, 1303... ఇలా 46340 దాకా రాస్తే మొత్తం 370కి కాస్త పైన వస్తాయి. వాటిల్లో ప్రైమ్ కానివి కొట్టేయొచ్చు. 63 పోయింది, 249 అంటే 3 × 83 పోయింది, 311 ప్రైమ్ కాబట్టి ఉంటుంది, 497 అంటే 7 × 71 పోయింది, 559 అంటే 13 × 43 అదీ పోయింది, అలా 311 తర్వాత నికరంగా చూడాల్సిన నంబర్ 1303. మచ్చుకి 311తో చేద్దాం: 311 × 6905092 = 2147483612, మన నంబర్‌లోంచి తీసేస్తే శేషం 35, కాబట్టి భాగించదు. ఇదే పని చివరిదాకా చేస్తే ఒక్కటీ భాగించదు. వేల భాగహారాలు వందకి లోపు వచ్చేశాయి, నా ఉద్దేశంలో ఈ నంబర్ కథలో అన్నిటికన్నా గొప్ప భాగం ఇదే, కింద వచ్చే కంప్యూటర్ లిమిట్ గోల దీని ముందు ఎంత.

పవర్ ప్రైమ్ అయితే చాలా, మెర్సెన్ నంబర్ కూడా ప్రైమ్ అయిపోతుందా?

లేదు. పవర్ ప్రైమ్ కాకపోతే మాత్రం కచ్చితంగా కాదు (2 పవర్ 6 మైనస్ 1 అంటే 63, దాన్ని 3, 7 రెండూ భాగిస్తాయి), కానీ పవర్ ప్రైమ్ అయినంత మాత్రాన గ్యారంటీ లేదు. 11 ప్రైమే, 2 పవర్ 11 మైనస్ 1 = 2047 = 23 × 89. మన 31కి ముందున్న 29 కూడా ప్రైమే, 2 పవర్ 29 మైనస్ 1 మాత్రం 233 × 1103 × 2089. మెర్సెన్ లిస్టులో ఉన్న 67 సంగతి 1903లో కోల్ అనే ఆయన 193707721 × 761838257287 అని విడగొట్టి చూపించేదాకా ఆ కారణాంకాలు ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడైతే ఎలా చెక్ చేస్తారు?

లూకా, లెహ్మర్ టెస్టుతో. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన నంబర్‌తో భాగించి శేషం ఉంచుకోవాలి, మళ్ళీ దాన్ని వర్గం చేసి 2 తీసేయాలి, ఇలా పవర్ కంటే 2 తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రైమ్. చిన్నదాంతో, అంటే పవర్ 5, నంబర్ 31తో చేసి చూడండి: 4, తర్వాత 14, తర్వాత 194ని 31తో భాగిస్తే 8, తర్వాత 64 మైనస్ 2 = 62, అది 31కి రెండింతలు కాబట్టి సున్నా. మూడు స్టెప్పుల్లో అయిపోయింది. మన నంబర్‌కి 29 స్టెప్పులు చాలు, ఫోన్‌లో అయినా రెప్పపాటు కూడా పట్టదు.

ఒకప్పుడు ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రైమ్ ఇదేనట, నిజమేనా?

నిజమే, 1772 నుంచి. ఎప్పటిదాకా అంటే 1867లో లాండ్రీ అనే ఆయన 3203431780337 కనిపెట్టేదాకా అని చాలా చోట్ల రాస్తారు, కానీ 1850ల్లోనే ఇంతకన్నా పెద్దవి దొరికాయనే లెక్క కూడా ఉంది, ఎవరి మాట ఒప్పుకుంటారో దాన్నిబట్టి 80 నుంచి 95 ఏళ్ళు అనుకోండి. 1811లో బార్లో అనే ఇంగ్లీష్ గణితజ్ఞుడైతే దీంతో వచ్చే పర్ఫెక్ట్ నంబరే ఎప్పటికీ కనిపెట్టగల వాటిల్లో అతి పెద్దదని, ఉపయోగం లేని దానికోసం ఎవరూ ఇంకా ముందుకి వెళ్ళరని రాశాడు. పాపం ఆయన అంచనా, మనుషులకి ఉపయోగం లేని పని మీద ఎంత మోజో తెలియనట్టుంది. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన రికార్డు ప్రైమ్ 2 పవర్ 136279841 మైనస్ 1, దానికి 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు.

పర్ఫెక్ట్ నంబర్ అన్నారు, అదేంటి?

తనని తప్ప మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్ళీ తనే వచ్చే నంబర్. 6 అంటే 1+2+3, 28 అంటే 1+2+4+7+14. మెర్సెన్ ప్రైమ్ దొరికితే ఒక పర్ఫెక్ట్ నంబర్ ఫ్రీగా వస్తుంది, ఇది యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు. మన దాన్ని 2 పవర్ 30తో, అంటే 1073741824తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది, ఎనిమిదో పర్ఫెక్ట్ నంబర్ అది.

ఎందుకు కుదురుతుందో చూడ్డం తేలిక. దాని కారణాంకాలు రెండు గుంపులు. మొదటి గుంపు 1, 2, 4, 8... 2 పవర్ 30 దాకా, వీటిని కూడితే సరిగ్గా మన 2147483647 వస్తుంది. రెండో గుంపు వీటినే మన నంబర్‌తో గుణించినవి, చివరిది వదిలేసి (అది తనే కాబట్టి), వాటి మొత్తం మన నంబర్ ఇంటూ (2 పవర్ 30 మైనస్ 1). రెండూ కూడితే ఆ మైనస్ 1 కొట్టుకుపోయి మన నంబర్ ఇంటూ 2 పవర్ 30 మిగులుతుంది, అంటే మొదలుపెట్టిన నంబరే.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా?

రాయలేం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ఏ నంబరూ రెండు వర్గాల మొత్తం కాదు. మూడు వర్గాలతో కూడా కుదరదు, ఎందుకంటే 8తో భాగిస్తే శేషం 7, అలాంటివాటికి నాలుగు వర్గాలు కావాల్సిందే. నాలుగుతో ఏ నంబరైనా కుదురుతుందని లగ్రాంజ్ నిరూపించాడు, మన దానికి ఒకటి ఇదిగో:

46339 వర్గం + 425 వర్గం + 10 వర్గం + 1 వర్గం

అంటే 2147302921 + 180625 + 100 + 1. కూడి చూసుకోండి. 46340తో మొదలుపెడితే మాత్రం మిగిలే 88047 కూడా 8తో శేషం 7 ఇచ్చే రకమే, మూడు వర్గాల్లో ఇమడదు, అందుకే ఒకటి వెనక్కి రావాల్సి వచ్చింది.

కంప్యూటర్లు ఈ నంబర్‌ని లిమిట్‌గా పెట్టుకున్నది ఇది ప్రైమ్ అనా?

అస్సలు కాదు, చాలామంది ఇక్కడే కలిపేసుకుంటారు. కంప్యూటర్ ఒక నంబర్ దాచుకునే 32 బిట్లలో (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి) ఒక బిట్ ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతే మిగిలేవి 31 బిట్లు, వాటన్నిట్లో ఒకట్లు నింపితే వచ్చే అతి పెద్ద నంబర్ ఇది, అంతకుమించి ఏమీ లేదు. అది ప్రైమ్ అవ్వడం యాదృచ్ఛికం. 8 బిట్ల లిమిట్ 127 ప్రైమే, కానీ 16 బిట్ల లిమిట్ 32767 = 7 × 31 × 151. 64 బిట్ల లిమిట్ 9223372036854775807ని కూడా 7 భాగిస్తుంది.

దాటితే ఏమవుతుంది?

ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ని బట్టి. జావాలో అయితే 1 కలపగానే మైనస్ 2147483648 అయిపోతుంది, సీలో అయితే ఏమవుతుందో రూల్ బుక్కే చెప్పదు. 46341ని దాంతోనే గుణిస్తే అసలు జవాబు 2147488281, లిమిట్‌ని దాటింది 4634 మాత్రమే, కానీ జావా చూపించేది మైనస్ 2147479015. ఫాక్టోరియల్ (1 నుంచి ఆ నంబర్ దాకా అన్నిటినీ గుణించడం) ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి 12 దాకా బానే ఉండి 13 దగ్గర పిచ్చి జవాబులు రావడానికి కారణం కూడా ఇదే, 13 ఫాక్టోరియల్ 6227020800 మరి.

బయట ప్రపంచంలో కూడా దీని తాకిడి ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల సిస్టమ్స్‌కి 2038 జనవరి 19న యూటీసీ ప్రకారం 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకి ఈ నంబర్ వస్తుంది, తర్వాతి సెకనుకి డేట్ 1901కి వెళ్ళిపోతుంది. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడితే ఇంకా త్వరగా నిండుతుంది, 248 రోజుల పైన. 2015లో బోయింగ్ 787 విమానాల జనరేటర్ కంట్రోల్ యూనిట్లు 248 రోజులు ఆపకుండా ఆన్‌లో ఉంటే ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా విమానయాన సంస్థ ఆదేశాలు ఇచ్చింది. ఆ 248కీ పైన ఆయిలర్ లెక్కలో వచ్చిన 248కీ సంబంధం ఏమీ లేదు, ఎవరైనా లింకు కలపబోతే నమ్మకండి.

మరి ప్రైమ్ అవ్వడం వల్ల కంప్యూటర్లకి ఏ లాభమూ లేదా?

ఉంది, ర్యాండమ్ నంబర్ల దగ్గర. ఒక నంబర్ తీసుకుని 16807తో గుణించి, మన నంబర్‌తో భాగించి శేషం ఉంచుకోవాలి, మళ్ళీ అదే చేయాలి. దీన్ని 1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ ప్రతిపాదించారు, 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా పెట్టుకోమన్నారు. 16807 అంటే 7 పవర్ 5. 7 పవర్లని మన నంబర్‌తో భాగిస్తూ పోతే వచ్చే శేషాల్లో 1 నుంచి 2147483646 దాకా ప్రతీ నంబర్ ఒక్కసారి వచ్చాకే మళ్ళీ మొదటికి వస్తుంది. 2147483646ని విడగొడితే 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331, అందులో 5 లేదు కాబట్టి 7 పవర్ 5కి కూడా ఆ గుణం చెడదు. 7 బదులు 2 పెడితే? 31 స్టెప్పుల్లోనే మళ్ళీ 1కి వచ్చేస్తుంది, ఎందుకూ పనికిరాదు.

ఇంకో సుఖం ఏంటంటే భాగహారం చెయ్యక్కర్లేదు. 2 పవర్ 31ని మన నంబర్‌తో భాగిస్తే శేషం 1 కాబట్టి, పెద్ద నంబర్‌ని కింది 31 బిట్లు, పై బిట్లు అని రెండు ముక్కలు చేసి కూడితే సరిపోతుంది. 1తో మొదలుపెడితే 16807, తర్వాత 282475249, తర్వాత గుణిస్తే 4747561509943 వస్తుంది. దీని పై ముక్క 2210, కింది ముక్క 1622647863, రెండూ కూడితే 1622650073, అదే తర్వాతి నంబర్. ఇలా 10000వ సారి వచ్చేది 1043618065, మీరు రాసిన కోడ్ కరెక్టో కాదో చూసుకోడానికి ఈ నంబర్‌నే వాడతారు. పాస్‌వర్డ్‌లకీ, డబ్బుతో ముడిపడ్డ వాటికీ మాత్రం దీన్ని వాడకండి, ఒక్క నంబర్ తెలిస్తే తర్వాతవన్నీ ఎవడైనా లెక్కేసేస్తాడు.

తిరగేసి రాస్తే కూడా ప్రైమేనా? జంట ప్రైమ్ ఉందా?

తిరగేస్తే 7463847412, సరి సంఖ్య, కాబట్టి కాదు. బైనరీలో తిరగేస్తే మాత్రం అన్నీ ఒకట్లే కనక అదే వస్తుంది. జంట కూడా లేదు, 2 తగ్గిస్తే చివర 5 వస్తుంది, 2 పెంచితే 3 భాగిస్తుంది. ముందున్న ప్రైమ్ 2147483629, తర్వాతది 2147483659. 2 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఇది 10,50,97,565వ ప్రైమ్.

రెట్టింపు చేసి 1 కలిపితే?

4294967295, అంటే 2 పవర్ 32 మైనస్ 1. ఇది ప్రైమ్ కాదు, 3 × 5 × 17 × 257 × 65537. ఆ ఐదూ ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రైమ్‌లు (2కి 1, 2, 4, 8, 16 లాంటి పవర్ వేసి 1 కలిపితే వచ్చే ప్రైమ్‌లు), అందుకే ఇన్ని భుజాలున్న క్రమ బహుభుజిని (భుజాలూ, కోణాలూ అన్నీ సమానంగా ఉన్నదాన్ని) స్కేలు, వృత్తలేఖినితో గీయడం సిద్ధాంతపరంగా సాధ్యం, బేసి భుజాలున్నవాటిల్లో తెలిసినంతలో ఇదే అతి పెద్దది. 2147483647 భుజాలతో అయితే గీయలేం, అది ప్రైమే గానీ ఫెర్మా ప్రైమ్ కాదు.

దీన్నే మళ్ళీ పవర్‌గా పెడితే, అంటే 2 పవర్ 2147483647 మైనస్ 1 ప్రైమ్ అవుతుందా?

ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందంటే, 31 కూడా మెర్సెన్ ప్రైమే (2 పవర్ 5 మైనస్ 1), దాన్ని పవర్‌గా పెడితే మళ్ళీ మెర్సెన్ ప్రైమే వచ్చింది, ఇలాంటివాటిని డబుల్ మెర్సెన్ ప్రైమ్‌లు అంటారు, తెలిసినవి నాలుగే: 7, 127, మనది, 2 పవర్ 127 మైనస్ 1. ఇంకో మెట్టు ఎక్కితే వచ్చే నంబర్‌కి 64 కోట్ల పైచిలుకు అంకెలు, అంత పెద్దదాని మీద లూకా, లెహ్మర్ టెస్ట్ చెయ్యాల్సిన పని పడలేదు, ఎందుకంటే చిన్న కారణాంకం ఒకటి దొరికేసింది: 295257526626031. కారణాంకంలోంచి 1 తీసేస్తే దాన్ని పవర్ భాగించాలన్న, పైన ఆయిలర్ లెక్కలో చూసిన నియమం ఇక్కడా పనిచేస్తుంది, అందులోంచి 1 తీసేస్తే సరిగ్గా 2147483647 × 137490. కాబట్టి 5, 31, 2147483647 అని ఎక్కుతూ వచ్చిన మెట్లు ఇక్కడితో ఆగిపోయాయి. 2, 3, 7, 127 అని వెళ్ళే ఇంకో వరస ఉంది, అది 2 పవర్ 127 మైనస్ 1 దాకా ప్రైమ్‌లే, ఆ పై మెట్టు సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.